నాలుగు ఆదివారాల నిరీక్షణ ఏమైంది?

డిసెంబరు రెండో వారం దాటకముందే తెలుగునాట సగం క్రిస్మస్ అయిపోతుంది. దాని పేరే సెమీ క్రిస్మస్. కాలేజీలో ఒకటి, ఆఫీసులో ఒకటి, అపార్టుమెంటు సెల్లారులో ఒకటి, ఎమ్మెల్యే గారి ఆధ్వర్యంలో మరొకటి. వేదిక మీద కేకు, కేకు చుట్టూ పాస్టర్లు, మధ్యలో ముఖ్య అతిథి, ఎదురుగా ఫొటోగ్రాఫర్లు. హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వమే విందు ఇస్తుంది. తెలంగాణలో 25తో పాటు 26న కూడా సెలవు. ఇరవై నాలుగో తేదీ రాత్రి ఆరాధనకు జనం చేరేసరికి పండుగ పాటలన్నీ ఊరంతా పదిసార్లు పాడేసి ఉంటారు. పిల్లలకు కేకు మొహం మొత్తి ఉంటుంది.

ఇందులో మంచి లేదనలేం. 25న ఏ పాస్టర్ గారైనా తన సంఘం దగ్గరే ఉండాలి, కాబట్టి నలుగురు కలిసి చేసుకునేది ముందే చేసుకోవాలి. ఇతర మతాల ఇరుగుపొరుగు వచ్చి కూర్చునేది కూడా చాలాచోట్ల ఈ సభల్లోనే. కానీ ఈ సందడి కింద ఒక కాలం మొత్తం కొట్టుకుపోయింది. అదే ఆగమన కాలం. అడ్వెంట్ అన్నా అదే. క్రిస్మస్‌లో ఉన్న లోతంతా ఆ నాలుగు ఆదివారాల్లో ఉంది. దాన్ని దాటేసి చేసుకునే క్రిస్మస్ పుట్టినరోజు వేడుకగా మిగులుతుంది గానీ, క్రైస్తవ విశ్వాసం చెప్పే రక్షణ వార్తగా నిలవదు.

నవంబరు 30కి దగ్గర్లో వచ్చే ఆదివారంతో ఈ కాలం మొదలవుతుంది. కేథలిక్కులు, సీఎస్ఐ, లూథరన్ సంఘాలవారు దీన్ని పాటిస్తారు. చాలా బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో ఈ పంచాంగమే ఉండదు. పాటించేచోట గురువులు ఊదారంగు వస్త్రాలు వేసుకుంటారు. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో వేసుకునే రంగూ అదే. కేథలిక్ పూజల్లో ఆదివారం పాడే మహిమ గీతాన్ని ఈ నాలుగు వారాలూ ఆపేస్తారు. బెత్లెహేము మీద దేవదూతలు పాడిన పాట అది. దాన్ని క్రిస్మస్ రాత్రికి దాచి ఉంచుతారు.

మొదటి ఆదివారం గుడికి వెళ్లినవాళ్లకు పసిబాలుడి కథ వినిపించదు. వినిపించేది లోకాంతం. ఇంటి యజమాని ఏ జామున తిరిగొస్తాడో తెలియదు, మెలకువగా ఉండండి అనే హెచ్చరిక. రెండో వారం, మూడో వారం ఒంటె రోమాల బట్ట కట్టుకున్న బాప్తిస్మమిచ్చు యోహాను అరణ్యంలోంచి వచ్చి మారుమనస్సు పొందమని గద్దిస్తాడు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలంటాడు. సుంకం వసూలు చేసేవాళ్లను ఎక్కువ గుంజొద్దంటాడు. సైనికులను జులుం చేయొద్దంటాడు. నాలుగో వారానికి గానీ మరియమ్మ రాదు. ఈ వరుసను పెద్దలు ఊరికే పెట్టలేదు. వచ్చేవాడు న్యాయాధిపతి అని ముందు వినాలి, ఆ తర్వాతే ఆయన పశువుల తొట్టిలో పడుకున్నాడని వినాలి. అప్పుడు గానీ ఆ తొట్టి ఎంత ఆశ్చర్యమో తెలియదు. రెండు రాకడలను ఒకే చూపులో నిలబెట్టడం ఈ కాలం చేసే పని. ఒకటి జరిగిపోయింది, ఇంకొకటి జరగాల్సి ఉంది. విశ్వాసి ఈ రెంటి నడుమ నిలబడి ఉన్నాడు.

ఒకప్పుడు ఇది ఉపవాసాల కాలం కూడా. ఐరోపాలో నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ దగ్గర్నుంచి ఉపవాసాలుండేవారు. ఆర్థడాక్స్ సంఘాలు నేటికీ నవంబరు 15 నుంచి నలభై రోజులు ఉంటాయి. హైదరాబాద్‌లో స్థిరపడిన కేరళ సిరియన్ క్రైస్తవుల్లో డిసెంబరు 1 నుంచి మాంసం, చేప ముట్టనివాళ్లున్నారు. ఇరవై అయిదు రోజుల నోము అది. తెలుగు క్రైస్తవానికి ఈ అలవాటు రాలేదు. పోనీ, తెలుగు నేలకు ఇది కొత్తా అంటే కాదు. ధనుర్మాసమంతా తెల్లవారుజామున లేచి తిరుప్పావై పాడుకునే ఇళ్లున్నాయి. ఇక చార్మినార్ చుట్టుపక్కల వాళ్లకు నెల రోజులు రోజా లేకుండా ఈద్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. రంజాన్ చివరి రాత్రి మక్కా మసీదు దగ్గర నెలవంక కోసం ఆకాశంలోకి చూసేవాళ్లకు నిరీక్షణ పండుగలో భాగమని తెలుసు. ఆ సంగతిని ఆ ఊళ్లోని క్రైస్తవులే మర్చిపోవడం బాధ కలిగించే విషయం.

ప్రతి డిసెంబరులోనూ ఒక వాదన లేస్తుంది. డిసెంబరు 25 యేసు పుట్టినరోజని బైబిలులో ఎక్కడుంది అని కొందరు బోధకులే అడుగుతారు. ఎక్కడా లేదు. ఆ తేదీన రోములో పండుగ జరిగినట్టు తెలిసేది నాలుగో శతాబ్దపు రికార్డుల్లో, 336 నాటి సంగతిగా. తేదీ తెలియకపోతే పోయేదేమీ లేదు. దేవుడు మనిషిగా పుట్టాడని నమ్మేవాళ్లకు ఆ పుట్టుక ఏ రోజు జరిగిందనేదాని కంటే ఎవరి మధ్య జరిగిందనేది ముఖ్యం. అగస్టస్ చక్రవర్తి జనాభా లెక్కల కోసం ఊళ్లు కదిలిపోతున్న రోజులు. పరాయి సైన్యం కింద నలుగుతున్న జాతి. సత్రంలో చోటు దొరకని నిండు గర్భిణి. మొదటి కబురు అందింది రాత్రి కాపలా కాస్తున్న గొర్రెల కాపరులకు. దళిత కవి గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’ రాసినప్పుడు ఆ చోటు దొరకనితనం ఆయనకు ఎవరో చెప్పాల్సిన సంగతి కాదు. కేంద్ర సాహిత్య అకాడమీ 1964లో ఆ కావ్యానికే పురస్కారం ఇచ్చింది.

ఇప్పుడు చాలా గుళ్లలో ఆగమన కాలానికి గుర్తుగా కనిపించేది పచ్చని ఆకుల చక్రం, దాని మీద వారానికొకటి వెలిగించే కొవ్వొత్తులు. దీని పుట్టుక గురించి తెలుసుకోవాలి. జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే లూథరన్ గురువు బీద పిల్లలకు ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అని వాళ్లు రోజూ అడిగేవారు. 1839లో ఆయన పాత బండి చక్రం ఒకటి తెచ్చి, దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. పని రోజులకు చిన్నవి, ఆదివారాలకు పెద్దవి. రోజుకొకటి వెలుగుతుంటే పిల్లలు పండుగను లెక్కపెట్టుకున్నారు. ఏమీ లేని పిల్లల ఎదురుచూపు లోంచి పుట్టిన ఆచారమిది.

ఆ కొవ్వొత్తులకు చాలా సంఘాలు పేర్లు పెట్టాయి: నిరీక్షణ, శాంతి, సంతోషం, ప్రేమ. రెండో ఆదివారానిది శాంతి. 1990లో ఆ రెండో ఆదివారం డిసెంబరు 9న వచ్చింది.

ఆ రోజుకు హైదరాబాద్ పాతబస్తీ తగలబడుతోంది. అయోధ్య పేరుతో దేశమంతా రాజుకున్న నిప్పు ఇక్కడి గల్లీల్లోకి దిగింది. కత్తిపోట్లు, ఇళ్లకు నిప్పు, రోజుల తరబడి కర్ఫ్యూ. వందమందికి పైగా చనిపోయారు. చచ్చిపోయినవాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడనివాళ్లు. డిసెంబరు 17న ముఖ్యమంత్రి మారారు. మర్రి చెన్నారెడ్డి పోయి నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు. మనస్తత్వ శాస్త్రవేత్త సుధీర్ కాకర్ తర్వాత ఈ అల్లర్ల మీదే ఒక పుస్తకం రాశారు. బతికి బయటపడ్డవాళ్లకు ఆ డిసెంబరు నేటికీ ఒక పీడకల.

మూసీకి ఇవతల, పాతబస్తీలో, పెద్ద చర్చిలు ఎప్పుడూ ఎక్కువగా లేవు. మిలాన్ నుంచి వచ్చిన మిషనరీలు 1870లలో కట్టిన సెయింట్ జోసెఫ్ కథీడ్రల్ నది అవతల గన్‌ఫౌండ్రీలో ఉంది. సెయింట్ జార్జి చర్చి అబిడ్స్ దగ్గర. నదికి ఈవలి ఒడ్డున క్రైస్తవులు కొద్దిమందే. పాతబస్తీ గొడవ తమది కాదని ఆ డిసెంబరులో క్రైస్తవులు అనుకోవడానికి అవకాశం ఉంది. కొందరు అలా అనుకోలేదు. వాళ్లు చేసిన పనిలో ఆగమన కాలానికి అసలు అర్థం కనిపిస్తుంది.

హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 1930లో లాహోరులో మొదలైంది. ముస్లింల మధ్య పనిచేయబోయే మిషనరీలకు ఇస్లాం గురించి నేర్పడం దాని మొదటి ఉద్దేశం. దాని పేరులోని హెన్రీ మార్టిన్ కొత్త నిబంధనను ఉర్దూలోకి అనువదించి, 1812లో ముప్ఫై ఒక్క ఏళ్లకే కన్నుమూసిన ఆంగ్లేయ గురువు. ఊళ్లు మారి మారి 1971లో సంస్థ హైదరాబాద్ చేరింది. ఇప్పుడు శివరాంపల్లిలో ఉంది. 1990 అల్లర్లప్పుడు ఈ సంస్థ ఇతర సంఘాలతో చేతులు కలిపి సహాయానికి దిగింది. ఆ కలయికకు అమన్ శాంతి అని పేరు పెట్టుకున్నారు. బియ్యం, దుప్పట్లు పంచి వెళ్లిపోతే అది ఒక సహాయ కార్యక్రమంగా మిగిలేది. వాళ్లు వెళ్లిపోలేదు. హిందువుల ఇళ్లు, ముస్లింల ఇళ్లు ఆనుకుని ఉన్న సుల్తాన్‌షాహీ బస్తీలో తర్వాతి సంవత్సరాల్లో పిల్లల చదువు, ఆడవాళ్లకు కుట్టుపని, వైద్యం మొదలుపెట్టారు. ఒకే గదిలో రెండు మతాల ఆడవాళ్లు మిషన్ల ముందు కూర్చున్నారు. మతాల మధ్య సయోధ్య ఆ సంస్థకు ముఖ్యమైన పని అయింది.

మతం మార్చడానికే ఇదంతా అని అనుమానించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. ఆ అనుమానానికి మాటలతో జవాబు దొరకదు. దశాబ్దాల పాటు ఒకే బస్తీలో ఉండి చేసిన పనితోనే దొరుకుతుంది. క్రైస్తవ విశ్వాసంలోని అతి కఠినమైన సిద్ధాంతం నరావతారం. దేవుడు పైనుంచి సహాయం పంపలేదు, తానే వచ్చి ఒక ఊళ్లో, ఒక వడ్రంగి ఇంట్లో ముప్ఫై ఏళ్లు ఉన్నాడు అని అది చెబుతుంది. ఆ మాటను వేదాంత కళాశాలల్లో ఎంత వివరించినా సరే, సుల్తాన్‌షాహీలో కుట్టుమిషను పక్కన కూర్చున్నవాళ్లు చేసిన వివరణకు అది సాటి రాదు.

పాతబస్తీలో క్రిస్మస్ గురించి మాట్లాడేటప్పుడు మరియమ్మను దాటి వెళ్లలేం. ఖురాన్‌లో పేరుతో కనిపించే స్త్రీ ఆమె ఒక్కరే. పందొమ్మిదో సూరాకు ఆమె పేరే ఉంది. అందులో ఆమె ఖర్జూర చెట్టు మొదట్లో ఒంటరిగా పురిటి నొప్పులు పడుతుంది. ఇక్కడి ముస్లింల ఇళ్లలో మరియం అనే పేరు పెట్టుకున్న ఆడపిల్లలకు లెక్కలేదు. అయితే తేడాలను దాచి స్నేహం చేయడం నిజాయితీ కాదు. ఈసా ప్రవక్త అని ముస్లింలు నమ్ముతారు, దేవుని కుమారుడని ఒప్పుకోరు. క్రైస్తవులకు ఆ మాటే ప్రాణం. తేడా ఇంత పెద్దదైనా, ఊరివాళ్ల నిందలకు బెదరని ఒక పేద తల్లిని రెండు మతాలూ గౌరవిస్తాయి. లూకా సువార్తలో ఆమె పాడిన పాట ఆగమన కాలపు చివరి రోజుల్లో గుళ్లలో వినిపిస్తుంది. బలవంతులను సింహాసనాల మీద నుంచి దించుతాడని, ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపుతాడని, ధనవంతులను వట్టి చేతులతో పంపేస్తాడని ఆమె తన దేవుణ్ని కీర్తిస్తుంది. రాజకీయ నాయకులు ముఖ్య అతిథులుగా కూర్చున్న సెమీ క్రిస్మస్ వేదికల మీద ఈ పాట చదవడం చాలా అరుదు. చదవాలి.

ఆకలి సంగతి వచ్చింది గనుక మెదక్ చర్చి గురించి చెప్పుకోవాలి. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ కరువు రోజుల్లో ఆ ప్రాంతపు జనాన్ని చూశాడు. పనికి కూలీగా తిండి పెట్టి ఆ కట్టడం లేపాడు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు. క్రీస్తు జననాన్ని చూపే రంగు అద్దాల కిటికీ ఒకటి అక్కడ ఉంది. వెలుగు బయటి నుంచి పడినంతసేపే ఆ బొమ్మ కనబడుతుంది, పొద్దుగూకితే కనబడదు. ఆకలిగా ఉన్నవాళ్ల చేత అంత పెద్ద గుడి కట్టించడం సరైనదేనా అనే ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ పదేళ్లలో గుడికి ఎత్తిన రాళ్లతో పాటు పొయ్యి మీద కుండలూ ఎక్కాయి. 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండినప్పుడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డితో సహా పెద్దలంతా అక్కడికి వెళ్లారు. ఆ రాళ్లు మోసిన మాల, మాదిగ కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా అంత పెద్ద అక్షరాల్లో కనిపించవు.

వాళ్ల మనవలు, ముని మనవలే నేటి తెలుగు సంఘాల్లో ఎక్కువమంది. వాళ్లదీ ఒక ఆగమన కాలమే. షెడ్యూల్డ్ కులాల జాబితా గురించి 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు, ముస్లింలైన దళితులు బయటే ఉన్నారు. సుప్రీంకోర్టులో కేసు 2004 నుంచి ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కమిషన్ వేసింది. అదే ఏడాది ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే, తెలుగువారిలోనూ మొదటివారే. రోము గుర్తించింది, చట్టం ఇంకా ఆలోచిస్తోంది. సంఘాలు కూడా ముందు తమలోకి చూసుకోవాలి. సమాధుల తోటలో, పెళ్లి సంబంధంలో, కమిటీ ఎన్నికలో కులం చూసే సంఘం యోహాను గద్దింపు వినకుండానే క్రిస్మస్ కేకు కోసినట్టే.

1943 చివర్లో నాజీల చెరలో ఉన్న డీట్రిక్ బోన్‌హోఫర్ అనే జర్మన్ లూథరన్ గురువు, జైలు గది ఆగమన కాలానికి మంచి పోలిక అని ఒక ఉత్తరంలో రాశాడు. తలుపు బయటి నుంచే తెరుచుకోవాలి, లోపలున్నవాడు ఎదురుచూడాలి. ఏడాదిన్నర తిరక్కుండానే అతన్ని ఉరి తీశారు. పాతబస్తీలో చంచల్‌గూడ జైలు ఉంది. అక్కడ బెయిలు డబ్బులు కట్టలేక ఎదురుచూసేవాడికి బోన్‌హోఫర్ మాట వివరించి చెప్పనక్కరలేదు. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి వరండాల్లో రోగి పక్కన నేల మీద పడుకునే అమ్మకూ అక్కరలేదు. బాలాపూర్ వైపు వెళితే మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యాల గుడిసెలు కనిపిస్తాయి. హేరోదు కత్తికి భయపడి రాత్రికి రాత్రి బిడ్డనెత్తుకుని ఐగుప్తుకు పారిపోయిన కుటుంబం కథ క్రిస్మస్ కథలో భాగమే. డిసెంబరు 28న కేథలిక్కులు ఆ కత్తికి బలైన పసిపిల్లల్ని తలుచుకుంటారు. పండుగ నాటకాల్లో మాత్రం ముగ్గురు జ్ఞానులు కానుకలిచ్చి వెళ్లగానే తెర పడుతుంది, పారిపోయిన రాత్రి వరకు ఎవరూ ఆడరు.

ఆకలిగొన్నవాడికి, పరదేశికి, రోగికి, ఖైదీకి చేసినది తనకే చేసినట్టని, చేయనిది తనకే చేయనట్టని యేసు తీర్పు దినం గురించి చెప్పిన మాట మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలో ఉంది. రెండో రాకడ గురించి గంటలకొద్దీ ప్రసంగాలు చేసే తెలుగు సంఘాలు ఈ అధ్యాయాన్ని ఆ ప్రసంగాల్లో ముందు పెట్టాలి. ఆయన ఎప్పుడొస్తాడో లెక్కలు వేయమని ఆ అధ్యాయం అడగదు. ఆయన ముందే వచ్చి ఎవరి వేషంలో కూర్చున్నాడో చూడమంటుంది.

అందుకని పాస్టర్లకు, గురువులకు, సంఘ పెద్దలకు ఒక విన్నపం. సెమీ క్రిస్మస్‌లను పూర్తిగా మానేయమని ఎవరూ అడగరు, ఒకటి చాలు. మిగతా వాటి ఖర్చు, కేకుల డబ్బు, ఫ్లెక్సీల డబ్బు, ముఖ్య అతిథుల శాలువాల డబ్బు లెక్కగట్టండి. ఈసారి నాలుగు ఆదివారాల కానుకను విడిగా పెట్టండి. ఒక వారం ఉస్మానియా ఆసుపత్రికి, ఒక వారం చంచల్‌గూడలో బెయిలు కోసం చూసేవాళ్లకు, ఒక వారం బాలాపూర్ గుడిసెల్లో పిల్లల చదువుకు ఇవ్వండి. శరణార్థుల మధ్య పనిచేసే కోవా లాంటి సంస్థలు పాతబస్తీలోనే ఉన్నాయి, దారి అడిగితే చెబుతారు. నాలుగో వారం కానుక మీ సంఘంలోనే అప్పుల్లో ఉన్న ఇంటికి వెళ్లాలి. డబ్బు పంపి ఊరుకోకండి. యువకులను క్యారల్స్ పాడటానికి పంపే రాత్రుల్లో ఒక రాత్రి వాళ్లను మూసీ దాటించి ఇక్కడికి పంపండి, పాడటానికి కాదు, ఎవరికి ఏం కావాలో అడిగి రావడానికి.